ఖాళీ చోట్ల ఆదివారం

శుక్రవారం మధ్యాహ్నం దాటిందంటే హైదరాబాద్ ఆఫీసుల్లో పని సగం, ప్లాన్ సగం. ఎవరి ఫోన్‌లో చూసినా ఏదో ఒక వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంటుంది. అనంతగిరా, కోట్‌పల్లా, శామీర్‌పేటా, లేక మొయినాబాద్‌లో తెలిసినవాళ్ల ఫాంహౌసా? ఎంతమందిమి, ఎన్ని కార్లు, పిల్లలకు స్విమ్మింగ్ పూల్ ఉందా, పెద్దవాళ్లకు విడిగా శాకాహారం వండుతారా, రాత్రికి ఉండాలా, పొద్దుగూకేలోపు వచ్చేయాలా? ఈ చర్చ తెగేసరికి ఇద్దరు ముగ్గురు మానుకుంటారు, అంతకు రెట్టింపు మంది కొత్తగా చేరతారు. తెల్లవారుజామునే కదలాలనుకున్నవాళ్లు తొమ్మిదికి కదిలి, టిఫిన్ కోసం దారిలో ఆగి, ఎండెక్కాక ఊరు దాటుతారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన కొత్తలో నగరానికి అదే హద్దు అనిపించేది. ఇప్పుడు దాన్ని దాటిన తర్వాత కూడా చాలాసేపు బహుళ అంతస్తుల భవనాల ప్రకటన బోర్డులే వెంట వస్తాయి. వాటి మీద ఉండేది కూడా చెరువు బొమ్మే.

ఈ పరుగును వెక్కిరించడం తేలిక. వెక్కిరించాల్సిన పని మాత్రం లేదు. వారమంతా ఏసీ గదిలో తెర ముందు కూర్చున్న మనిషికి రెండు పూటలు చెట్టు కింద కూర్చోవాలనిపించడంలో వింతేముంది? పదో అంతస్తులో పెరుగుతున్న పిల్లవాడికి ఆకాశమంటే రెండు టవర్ల నడుమ కనిపించినంతే. వాడు గండిపేట కట్ట మీద నిలబడి, అవతలి ఒడ్డు ఎక్కడుందో కళ్లు చికిలించి వెతుక్కుంటే అది చదువే. ఊరు విడిచి ఒక పూట బయట గడపడం మనకు కొత్త కూడా కాదు. కార్తిక మాసంలో ఉసిరి చెట్టు నీడన వండుకుని పంక్తిలో కూర్చుని తినడం ఎన్ని తరాలుగానో ఉన్నదే. తెలంగాణ పల్లెల్లో కొన్నిచోట్ల ఏడాదికో రోజు ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో సహా పొలిమేర దాటిపోయి, పొద్దంతా అక్కడే వండుకు తిని చీకటి పడ్డాక తిరిగొచ్చే ఆచారం ఇప్పటికీ ఉంది. శామీర్‌పేట కట్టమైసమ్మ దగ్గర మొక్కు తీర్చుకుని ఆ పక్కనే చెట్ల కింద పొయ్యి పెట్టే కుటుంబాలు ఆదివారం నాడు ఎన్నో. చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసేవారిలో సగం మంది అటునుంచి అటే గండిపేట నీళ్ల దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చుని గానీ ఇంటిముఖం పట్టరు.

వనభోజనానికీ రిసార్టుకూ తేడా ఒక్క గోడ. అక్కడ చెట్టు ఎవరిదో, నీడ అందరిదీ. ఇక్కడ గేటు దగ్గరే చేతికి పట్టీ కడతారు. లోపల వెల్‌కమ్ డ్రింకు, మధ్యాహ్నం బఫే, సాయంత్రం డీజే. బయట అసలు వాన కురుస్తుంటే లోపల రెయిన్ డ్యాన్స్ పైపులు తిప్పే చోట్లున్నాయి. ఏ వానకు తడవాలో తెలియక పిల్లలు అటూ ఇటూ పరుగెడతారు. చెరువు కనిపించే గదికి ఒక ధర, కనిపించని గదికి ఇంకో ధర. రొద నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగించడం ఎందుకో, ఆ వ్యాపారం చేసేవారే చెప్పాలి. ఇవన్నీ చిన్న విషయాలు, అభిరుచికి సంబంధించినవి. ఎవరి సరదా వారిది. పెద్ద విషయం ఆ కిటికీలోంచి కనిపించే నీళ్లది, ఆ నీళ్ల చుట్టూ ఇంకా మిగిలి ఉన్న ఖాళీ నేలది.

ఎండాకాలంలో వెళ్లినవాళ్లకు ఆ నీళ్లు కనిపించకపోవచ్చు. రిసార్టుల ప్రకటనల్లో చెరువు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే ఒడ్డున పర్రెలు విచ్చిన నల్లమట్టి, దూరంగా ఓ నీటి చార, మధ్యలో మేస్తున్న గేదెలు. డబ్బు కట్టి వచ్చినవాడికి మోసపోయినట్టే ఉంటుంది. నిజానికి చెరువు ఏడాదంతా నిండుగా ఉండేందుకు పుట్టినది కాదు. తూము తెరిస్తే నీళ్లు పొలానికి పోవాలి, పోయిన కొద్దీ చెరువు తగ్గాలి. తగ్గినచోట శిఖం భూమిలో పల్లెలవాళ్లు దోసో, కూరగాయలో వేసుకుంటారు, గొడ్లకు గడ్డి దొరుకుతుంది. మళ్లీ మృగశిర నాటికి ఆ చోటును నీళ్లకు అప్పగించి పక్కకు తప్పుకుంటారు. నిండడం ఎంత పనో ఖాళీ కావడం కూడా అంతే పని. అద్దంలా నిలకడగా ఉండాలని కోరుకునేది చూడటానికి వచ్చినవాడే.

హైదరాబాద్‌కు దగ్గర్లోని రెండు పెద్ద జలాశయాల విషయంలో ఈ ఖాళీకి ఇంకా బరువైన అర్థముంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరం మీద పడింది. దాదాపు 15,000 మంది పోయారని లెక్క. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మళ్లీ అలాంటిది జరగకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊళ్లోకి వచ్చాక కాదు, ఊరికి ఎగువనే పట్టి నిలపాలన్నది ఆయన ఇచ్చిన సలహా సారం. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. మొదటిది ఏడో నిజాం పేరు మీద, రెండోది ఆయన కొడుకు పేరు మీద. జనం మాత్రం మొదటిదాన్ని గండిపేట అనే పిలుచుకున్నారు. రెండింటి నిల్వ సామర్థ్యం కలిపి ఏడు టీఎంసీలకు కాస్త తక్కువ. గండిపేట నీళ్లు మోటార్ల అవసరం లేకుండా వాలులోనే కాలువ వెంట ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. ఆ నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని పాతబస్తీ పెద్దలు అనుకునేది ఆ రుచిని చూసే. 1965లో మంజీరా నీళ్లు, ఆ తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక నగరం గండిపేట మీద ఆధారపడటం తగ్గింది. దాహం తీర్చే పని తగ్గింది కాబట్టి చూడటానికి పనికొచ్చే చెరువుగా మిగిలిందని చాలామంది అనుకుంటున్నారు. వరదను ఆపే పని దానికి ఎప్పుడూ తగ్గలేదు. ఆ పని చేయాలంటే చెరువులో కొంత ఖాళీ ఉండాలి, చెరువు చుట్టూ మరింత ఖాళీ ఉండాలి.

ఆ రెండో ఖాళీ ఎలా మిగిలిందన్నది వారాంతపు యాత్రికులు ఆగి వినదగ్గ కథ. మూడు ఒంట్లు: 111. రంగారెడ్డి జిల్లాలో బడికి వెళ్లని ముసలవ్వకు కూడా నంబరుతో సహా తెలిసిన ప్రభుత్వ ఉత్తర్వు ఏదన్నా ఉందంటే ఇదే. 1996 మార్చి 8న జారీ అయింది. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు రాకూడదు, పెద్ద హోటళ్లు రాకూడదు, నివాస కాలనీలు రాకూడదు. మొయినాబాద్, శంకర్‌పల్లి, శంషాబాద్, చేవెళ్ల, షాబాద్ తదితర మండలాల్లో 84 గ్రామాలు, 1,32,600 ఎకరాలు దీని కిందికి వచ్చాయి. పరీవాహకంలో ఓ నూనెల కర్మాగారం పెట్టడానికి అనుమతి కోసం నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2000లో జలాశయాల పక్షాన నిలిచింది. తాగే నీటి విషయంలో ముప్పు రుజువయ్యేదాకా ఆగడం కాదు, ముందే జాగ్రత్తపడటం సర్కారు బాధ్యత అన్నది ఆ కేసు మిగిల్చిన పాఠం.

నగరం ఆ ఉత్తర్వును మెచ్చుకుంది. దాని మూల్యం చెల్లించింది మాత్రం నగరం కాదు. గండిపేట ఒడ్డు నుంచి చూస్తే కనిపించే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. అదే చూపు మేరలో 111 పరిధిలో ఉన్న రైతు జొన్నో, కూరగాయలో పండించుకుంటూ, బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్ముదామంటే అడిగినవాడు అడిగినంతకే ఇచ్చుకోవాల్సి వచ్చింది. కొన్నవాళ్లు ఎవరు? ఆంక్షలు ఎప్పటికైనా పోతాయని ఓపిక పట్టగల ఆస్తిపరులు. కాలనీలు వేయకూడదు గానీ వ్యవసాయం చేసుకోవచ్చు కనుక నాలుగు మామిడి చెట్లు, ఓ పచ్చికబయలు, మధ్యలో ఈత కొలను పెట్టి దానికి వ్యవసాయ క్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆంక్షల మూలంగా చవగ్గా దొరికిన నేల, ఆంక్షల మూలంగా పచ్చగా మిగిలిన పరిసరం, రెండూ కలిసి శని, ఆదివారాల్లో గంటల లెక్కన అద్దెకు వెళ్తున్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవోతో ఈ కట్టడిని సడలించారు, 2023 మేలో 111ను పూర్తిగా ఎత్తేయాలని నాటి మంత్రివర్గం నిర్ణయించింది. పల్లెల్లో టపాసులు కాల్చారు. వాళ్ల సంతోషాన్ని తప్పుపట్టే అర్హత రిసార్టు గదిలోంచి చెరువును చూసి మురిసిపోయేవారికి లేదు. పాతికేళ్లు నగరం కోసం ఆగినవాడికి నగరం ఏమిచ్చిందన్న ప్రశ్న మాత్రం జీవోతోపాటు చెల్లిపోదు.

ఇంకోచోట ఇంకోలా చేశారు. న్యూయార్క్ నగరానికి తాగునీరు ఉత్తరాన క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తుంది. వందల కోట్ల డాలర్ల స్థాయి శుద్ధి కేంద్రం కట్టే బదులు అక్కడి పల్లెలతో, రైతులతో నగరం 1997లో ఒప్పందం చేసుకుంది. వాగుల ఒడ్లు కాపాడేందుకు, పశువుల కొట్టాల మురుగు నీళ్లలో కలవకుండా ఏర్పాట్లు చేసుకునేందుకు, ఊళ్ల అభివృద్ధికి నగరమే సొమ్ము పెట్టింది. వారాంతాల్లో ఆ కొండలకు పోయే న్యూయార్కువాసి అక్కడి వాగు నీటినే నల్లా తిప్పి తాగుతాడు. మన దగ్గర ఖాళీని కాపాడటమంటే వద్దని చెప్పడమే తప్ప, వద్దన్నందుకు పరిహారం ఇవ్వాలన్న ఆలోచన 111కు జతపడలేదు. జతపడి ఉంటే ఎత్తేయాలని ఊళ్లు అంతగా అడిగేవి కావేమో.

వికారాబాద్ దారి పట్టినవారికి ఈ కథ ఎగువ కొస కనిపిస్తుంది. చేవెళ్ల రోడ్డు మీద నిజాం నాటి మర్రిచెట్లు, కొమ్మలు దారికి రెండువైపుల నుంచీ కలిసిపోయి, ఎండవేళ కూడా నీడ పరుస్తూ ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయాలి, చెట్లు మిగలాలి అంటూ వాటి గురించి హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి వాదించినవారున్నారు. ఆ దారిన కారులో చల్లగా పోయేవారు వాళ్లకు లోలోపలైనా ఒక నమస్కారం బాకీ. అక్కడినుంచి కొంతదూరం పోతే అనంతగిరి. హైదరాబాద్‌కు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు. ఆ గాలి ఊపిరితిత్తులకు మంచిదని నిజాం కాలంలోనే క్షయరోగుల ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడు శ్రావణమాసం ఆదివారాల్లో ఆ మలుపుల రోడ్డు మీద ఆరోగ్యవంతులే కార్ల పొగలో గంటసేపు ఇరుక్కుంటున్నారు. అనంతపద్మనాభస్వామి గుడి ఉన్న ఆ గుట్టల్లోనే మూసీ పుట్టింది. పుట్టినచోట అది పాదం తడిసేంత నీరు, గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పిల్లలు అందులో కాగితపు పడవలు వదులుతారు. ఆ పిల్లలే సోమవారం బడికి పోతూ మూసారాంబాగ్ దగ్గర అదే నదిని ముక్కు మూసుకుని దాటుతారు. ఇది అదేనని వాళ్లకు చెప్పేవారు తక్కువ.

ఆ గుట్టలకూ జంట జలాశయాలకూ నడుమ ఉన్నది వాగుల మేళం. వాగు ఏడాదిలో పది నెలలు ఎండి ఇసుకలా పడి ఉంటుంది. అందుకే అందరికీ లోకువ. కాంపౌండు గోడ కట్టేవాడికి అది ఖాళీ జాగా, వెంచరు వేసేవాడికి రెడీమేడ్ రోడ్డు. మిగిలిన రెండు నెలల్లో అది ఏం చేస్తుందో కట్టినవాడు చూడడు. వాగును నొక్కేస్తే మామూలు ఏడాదిలో చెరువుకు నీళ్లు రావు. గట్టి వాన పడ్డ ఏడాదిలో ఇంకడానికి చోటు లేక ఒక్కసారే వచ్చేస్తాయి. జలాశయాలకు ఎగువ నుంచి ప్రవాహం తగ్గుతూ వస్తోందని నిపుణులు దశాబ్దాలుగా చెబుతున్నారు. అదే సమయంలో 2020 అక్టోబర్‌లో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్ చివర్లో గేట్లెత్తితే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చేశాయి. దసరాకు ఊళ్లకు బయల్దేరినవాళ్లను రాత్రికి రాత్రి బయటికి తరలించారు. 1908ని చరిత్ర పుస్తకంలోనే ఉంచాలని విశ్వేశ్వరయ్య సూచించిన ఏర్పాటు ఇంకా పనిచేస్తోంది. దానిమీద మోపుతున్న బరువు మాత్రం ఆయన ఊహించినది కాదు.

ఒక్కమాట, ప్రాణాల గురించి. ఈత రానివారు, వచ్చినా ఆ నీటి లోతు తెలియనివారు ఊరిబయటి జలాశయాల్లో దిగి తిరిగిరాని వార్త లేకుండా ఏ సంక్రాంతి సెలవులూ, ఏ ఎండాకాలమూ గడవడం లేదు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎంత ముచ్చటగా ఉన్నా ఎక్కకూడదు. ఇందులో చర్చకేమీ లేదు.

మంచి ఉదాహరణలు మన మధ్యే ఉన్నాయి. కోట్‌పల్లి జలాశయంలో కాయకింగ్ మొదలైనప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లే తెడ్డు పట్టడం నేర్చుకుని, వచ్చినవాళ్లకు నేర్పారు. గోడ కట్టలేదు, చెరువును ఎవరికీ రాసివ్వలేదు, ఊరికి నాలుగు రూపాయలొచ్చాయి. నగరం అంచున అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. అక్కడికి చలికాలం పొద్దున్నే వెళ్లేవారికి కావలసింది ఒక బైనాక్యులర్, కాస్త నోరు కట్టుకోగలిగే శక్తి. మెదక్ వైపు పోచారం ఉంది, నిజాం నాటి కట్ట, పక్కనే అభయారణ్యం. ఇంటినుంచి పులిహోర కలుపుకుని పోతే రోజు గడుస్తుంది. తిరుగుదారిలో చేవెళ్ల దగ్గర బంతిపూలు, చామంతులు, ఆకుకూరలు రోడ్డు పక్కనే దొరుకుతాయి. వానాకాలమైతే నిప్పుల మీద కాల్చిన మక్కకంకి, ఆ తర్వాత సీతాఫలాలు, తాండూరు దాకా పోతే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కందిపప్పు. రిసార్టు బఫేలో రష్యన్ సలాడ్ తిని రావడం కంటే ఇది ఎందుకు మెరుగో వివరించనక్కర్లేదు. బేరం మాత్రం ఆడకండి. మాల్‌లో ఆడరు కదా.

రిసార్టుకే వెళ్లాలనుకుంటే అదీ నేరం కాదు. పెద్దవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి, చంటిపిల్లలకు నీడ కావాలి, ఆడపిల్లలు నిర్భయంగా తిరిగే చోటు కావాలి. ప్రభుత్వాలు బహిరంగ ఒడ్డుల్లో అవి కల్పించనంత కాలం జనం గోడల లోపలికే పోతారు. చెరువు కట్టల మీద నాలుగు బల్లలు, రెండు శౌచాలయాలు, ఒక కాపలాదారు ఉంటే చాలు, ఎన్నో కుటుంబాలు పట్టీ కట్టించుకునే అవసరం లేకుండా సెలవు గడుపుకుంటాయి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం), బఫర్ అన్న మాటలు టీకొట్ల దాకా చేరాయి, గండిపేట, చిలుకూరు వైపు కొన్ని కట్టడాలు కూలాయి కూడా. కూల్చడం వార్త అవుతుంది. కూల్చినచోట జనం కూర్చునే ఏర్పాటు చేయడం వార్త కాదు కనుక దాని ఊసు తక్కువ.

గది తీసుకునేముందు ఏసీ ఉందా, వైఫై వస్తుందా అని అడుగుతాం. ఈ ఈతకొలనుకు నీళ్లు ఎక్కడివి, వాడిన నీళ్లు ఎటు పోతాయి, వెనకాల ఆ గోడ కింద ఒకప్పుడు వాగు ఉండేదా అని కూడా అడగొచ్చు. రిసెప్షన్‌లో కుర్రాడికి జవాబు తెలియకపోవచ్చు, అతను నగరం నుంచి వచ్చి పోయేవాడు. తోటకు నీళ్లు పెడుతున్న పెద్దాయనను అడిగితే వేలుపెట్టి చూపిస్తాడు. ఆయనది ఆ ఊరే, ఆ భూమి కూడా ఒకప్పుడు వాళ్లదే అయి ఉండొచ్చు.